మెయిల్ ఫోల్డర్ల చెట్టు: దారి మారినా గుర్తింపు మారకూడదు

మెయిల్ ప్రోగ్రామ్‌లో ఎడమ పక్కన కనిపించే ఫోల్డర్ల వరుస చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్, దాని పక్కన చదవని మెయిళ్ల లెక్క. అదే వరుసని సొంతంగా రాయడానికి కూర్చుంటే మొదట్లో అంతా సాఫీగానే నడుస్తుంది. చిక్కులు తర్వాత బయటపడతాయి. పేరు మార్చగానే ఆ ఫోల్డర్‌లోని మెయిల్ అంతా మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది. ఒక ఫోల్డర్‌ని లాగి వేరేచోట వదిలితే పిల్లలతో సహా మాయమవుతుంది. ఖాళీ ఫోల్డర్ పక్కన −1 అని కనిపిస్తుంది. ఈ తప్పుల్లో చాలావాటి మూలం ఒకటే: ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే దారినీ, అది ఏ ఫోల్డరో చెప్పే గుర్తింపునీ ఒకటిగా చూడటం.

ఏడు ఫోల్డర్ల చెట్టు

ట్రీ అనే డేటా స్ట్రక్చర్‌కి నియమాలు మూడే. పైన ఒకే ఒక్క రూట్ ఉంటుంది. రూట్ తప్ప ప్రతి నోడ్‌కీ (ఇక్కడ ఒక్కో ఫోల్డరూ ఒక నోడ్) సరిగ్గా ఒకే తల్లి ఉంటుంది. ఏ నోడ్ నుంచి పైకి ఎక్కుతూ పోయినా చివరికి రూట్ తగలాలి, బయల్దేరిన చోటికే తిరిగి రాకూడదు. డేటాబేస్‌లో దీన్ని నిలబెట్టడానికి అన్నిటికన్నా తేలికైన పద్ధతి అడ్జసెన్సీ లిస్ట్. ఫోల్డర్‌కి ఒక రో, అందులో వాడుకరి ఐడీ, ఫోల్డర్ ఐడీ, పేరు, పేరెంట్ ఐడీ. వ్యాసమంతా ఈ చిన్న ఉదాహరణనే వాడుకుందాం:

1 – రూట్, పేరెంట్ లేదు
2 – ఇన్‌బాక్స్, పేరెంట్ 1
3 – పని, పేరెంట్ 1
7 – బిల్లులు, పేరెంట్ 3
12 – 2024, పేరెంట్ 7
15 – 2025, పేరెంట్ 7
9 – పనిముట్లు, పేరెంట్ 1

ఇందులో దారి ఎక్కడా రాసి లేదు. 12 దారి కావాలంటే 12 నుంచి 7కి, అక్కడి నుంచి 3కి, తర్వాత 1కి ఎక్కి, దొరికిన పేర్లని తిరగేసి కలుపుకుంటాం: పని/బిల్లులు/2024. 'పని' పేరుని 'ఆఫీసు' అని మారిస్తే 3వ రోలో ఒక్క గడి మారుతుంది. కింద ఉన్న 7, 12, 15లకి ఆ సంగతి తెలియక్కర్లేదు. ప్రతి మెయిల్ పక్కనా రాసుకున్నది ఫోల్డర్ ఐడీయే కాబట్టి మెయిళ్ల టేబుల్‌లోనూ ఏదీ కదలదు.

రూట్‌ని నిజమైన రోగా ఉంచడం అనవసరపు ఆర్భాటంలా అనిపించవచ్చు. చాలామంది దాన్ని తీసేసి, పై వరుస ఫోల్డర్లకి పేరెంట్ ఐడీని నల్ (విలువే లేదు) అని వదిలేస్తారు. అక్కడొక మోసం ఉంది. ఒకే తల్లి కింద ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండకూడదని పేరెంట్ ఐడీ, పేరు కలిపి యూనిక్ ఇండెక్స్ పెడతాం కదా. చాలా డేటాబేస్‌లలో యూనిక్ ఇండెక్స్ దృష్టిలో ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. దాంతో లోపలి ఫోల్డర్లకి నియమం పనిచేస్తుంది, పై వరుసలో మాత్రం 'పని' అనే ఫోల్డర్లు రెండు నిక్షేపంగా తయారవుతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 15వ వెర్షన్ నుంచి నల్‌లని సమానంగా చూడమని ఇండెక్స్‌కి చెప్పే వీలుంది. అయినా ప్రతి వాడుకరికీ కంటికి కనిపించని రూట్ రో ఒకటి ఇచ్చేస్తే ఏ డేటాబేస్‌లోనైనా ఆ గొడవ తీరిపోతుంది. 'రూట్ అయితే ఇలా, కాకపోతే అలా' అనే షరతులు కూడా కోడ్‌లో బాగా తగ్గుతాయి.

ఫారిన్ కీ, అంటే ఒక గడిలోని ఐడీ నిజంగా ఉన్న రోదే కావాలనే నియమం, విషయంలోనూ ఒక జాగ్రత్త. పేరెంట్ ఐడీ ఏదో ఒక ఫోల్డర్ ఐడీ అయితే చాలు అని రాస్తే, ఒకరి ఫోల్డర్‌ని ఇంకొకరి ఫోల్డర్ కింద తగిలించినా డేటాబేస్ అడ్డుచెప్పదు. వాడుకరి ఐడీ, పేరెంట్ ఐడీ రెంటినీ కలిపి ఒకే ఫారిన్ కీగా పెడితే ఆ తలుపు మూసుకుంటుంది.

దారినే రాసిపెట్టుకుంటే

పైకి ఎక్కే పని లేకుండా ప్రతి రోలోనూ పూర్తి దారిని రాసేసుకోవడం ఇంకో పద్ధతి. దీన్ని మెటీరియలైజ్డ్ పాత్ అంటారు. చదవడానికి హాయిగా ఉంటుంది. 'పని' కింద ఉన్నవన్నీ కావాలంటే, దారి 'పని'తో మొదలయ్యేవి ఇవ్వమని అడిగితే సరి.

అలా అడగ్గానే 'పనిముట్లు' కూడా వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వరసలో 'పనిముట్లు' కూడా 'పని'తోనే మొదలవుతుంది మరి. అందుకే దారి చివర తప్పకుండా విభజన గుర్తు ఉండాలి. 'పని/' అని వెతికితే 'పనిముట్లు/' రాదు. రెండో ఉచ్చు, డేటాబేస్‌ని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లోని లైక్ అనే పోలికలో ఉంది. అందులో % గుర్తు ఎన్ని అక్షరాలకైనా, _ గుర్తు ఏదో ఒక్క అక్షరానికైనా సరిపోతాయి. వాడుకరి తన ఫోల్డర్‌కి '2024_బిల్లులు' అని పేరు పెట్టుకుంటే అది '2024-బిల్లులు' అనే పక్క ఫోల్డర్‌ని కూడా పట్టి లాక్కొస్తుంది. ఆ పోలిక మీద ఆధారపడి సబ్‌ట్రీని (ఒక ఫోల్డర్, దాని కింద ఉన్నవన్నీ) తొలగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లైక్‌ని వదిలేసి హద్దులతో అడగడం మేలు: దారి 'పని/' కన్నా తక్కువ కాకూడదు, 'పని0' కన్నా తక్కువ ఉండాలి. / గుర్తు కోడ్ 47, సున్నా అంకె కోడ్ 48, రెంటి మధ్యా ఇంకే గుర్తూ లేదు కాబట్టి ఈ హద్దుల్లో పడేవి సరిగ్గా ఆ సబ్‌ట్రీలోవే. అయితే ఆ కాలమ్ బైట్ల వరసలో పోల్చే కొలేషన్‌తో (వరస పెట్టే నియమంతో) ఉండాలి. భాషని బట్టి వరస పెట్టే కొలేషన్లు విరామ చిహ్నాలని వేరేగా చూస్తాయి, అప్పుడు ఈ లెక్క తప్పుతుంది.

అసలు ఖర్చు పేరు మార్చినప్పుడు తెలుస్తుంది. మన ఉదాహరణలో 'పని' పేరు మారిస్తే 4 రోలు తిరగరాయాలి. కింద 400 ఉపఫోల్డర్లు ఉంటే 401. ఆ పని మధ్యలో ఆగిపోతే సగం ఫోల్డర్లు పాత దారిలో, సగం కొత్త దారిలో ఉండిపోతాయి, కాబట్టి మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు) జరగాలి. దారి కాలమ్ కావాల్సిందే అనుకుంటే అందులో పేర్లు రాయకుండా ఐడీలు రాయండి: 12కి /1/3/7/12/. అప్పుడు పేరు మార్చడం మళ్లీ ఒక్క రో పనే. ఫోల్డర్‌ని కదిలించినప్పుడే దారులు మారతాయి. ఐడీల్లో % గానీ _ గానీ రావు కనక ఆ ఉచ్చులూ ఉండవు.

క్లోజర్ టేబుల్ అనే పద్ధతిలో ప్రతి పూర్వీకుడు, వారసుడు జంటకీ ఒక రో రాస్తారు, తనకి తాను జంట కావడంతో సహా. 12కి 4 జంటలు: 1, 3, 7, 12. మన 7 ఫోల్డర్లకి మొత్తం 18 రోలు అవుతాయి. 'బిల్లులు'ని 'పనిముట్లు' కిందికి మార్చితే 7, 12, 15లకి పాత పూర్వీకులు 1, 3లతో ఉన్న 6 జంటలు పోయి, 1, 9లతో కొత్తగా 6 జంటలు వస్తాయి. సబ్‌ట్రీ ప్రశ్నలకి దీన్ని మించింది లేదు. 1,000 ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి గొలుసులా ఉంటే మాత్రం రోలు 5,00,500కి చేరతాయి. నిజం మెయిల్‌బాక్స్‌లో అలా ఉండదుగానీ, ఎవరైనా కావాలని చేయగలరు. లోతుకి ఒక పరిమితి పెట్టడానికి అదొక్కటే చాలిన కారణం. నెస్టెడ్ సెట్ అని ఎడమ, కుడి అంకెలతో నడిచే పద్ధతీ ఉంది. కొత్త ఫోల్డర్ ఒకటి చేరితే దాని కుడి పక్కన ఉన్న అంకెలన్నీ జరపాలి. రోజూ ఫోల్డర్లు పుట్టి, కదిలే మెయిల్‌కి అది నప్పదు.

మెయిల్ విషయంలో మా సలహా సూటిగా ఇది: అడ్జసెన్సీ లిస్ట్ చాలు. ఒక వాడుకరికి ఫోల్డర్లు పదుల్లోనో వందల్లోనో ఉంటాయి. వాడుకరి ఐడీ మీద ఒక్క క్వెరీతో అన్నీ తెచ్చుకుని మెమరీలో చెట్టు కట్టేయండి. పెద్దది మెయిళ్ల టేబుల్, ఫోల్డర్ల టేబుల్ కాదు. 'ఈ ఫోల్డర్లోనూ దీని కింద ఉన్నవాటిలోనూ వెతుకు' అన్నప్పుడు సబ్‌ట్రీ ఐడీలని మెమరీలోంచే తీసుకుని, ఆ ఐడీల జాబితాతో మెయిళ్లని అడిగితే పని అయిపోతుంది. డేటాబేస్‌లోనే చెట్టు దిగాల్సి వస్తే, తన ఫలితం మీద తానే మళ్లీ నడిచే రికర్సివ్ క్వెరీ ఉంది. ఎస్‌క్యూఎల్:1999 ప్రమాణంతో వచ్చిన ఈ సదుపాయం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 8.4లో 2009లో, ఎస్‌క్యూలైట్ 3.8.3లో 2014లో, మైఎస్‌క్యూఎల్ 8.0లో 2018లో చేరింది. చెట్టులో పొరపాటున వలయం ఉంటే మైఎస్‌క్యూఎల్ 1,000 మెట్ల డిఫాల్ట్ పరిమితి దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో యూనియన్ ఆల్‌తో రాసిన క్వెరీకి అలాంటి పరిమితి లేదు, తిరుగుతూనే ఉంటుంది. 14వ వెర్షన్‌లో వచ్చిన సైకిల్ అనే వాక్యభాగం అలాంటి వలయాన్ని పట్టుకోవడం కోసమే.

జాబితా నుంచి చెట్టు

రోలు ఏ వరసలోనైనా రావచ్చు. పిల్ల ముందు, తల్లి తర్వాత కూడా రావచ్చు. ప్రతి ఫోల్డర్‌కీ జాబితా మొత్తం తిరగేసి పిల్లల్ని వెతికితే 5,000 ఫోల్డర్లకి 2.5 కోట్ల పోలికలవుతాయి. రెండు విడతల్లో చేస్తే ఒక్కో ఫోల్డర్‌ని రెండేసిసార్లు ముట్టుకుంటే చాలు. మొదటి విడతలో ప్రతి రోకీ ఒక నోడ్ చేసి, ఐడీ ఇస్తే వెంటనే నోడ్ దొరికేలా హ్యాష్ మ్యాప్‌లో పెట్టాలి. రెండో విడతలో ప్రతి నోడ్‌నీ దాని తల్లి నోడ్ పిల్లల జాబితాలో చేర్చాలి. ఆ తర్వాతే అన్నదమ్ముల వరస: ఇన్‌బాక్స్, డ్రాఫ్ట్స్, ట్రాష్ లాంటి ప్రత్యేక పాత్రలున్నవి ముందు, తక్కినవి పేరు ప్రకారం. పేర్లలోని అంకెలని అంకెలుగానే పోల్చాలి, లేకపోతే '10' అనే ఫోల్డర్ '2' కన్నా పైకి ఎక్కుతుంది.

తల్లి దొరకని నోడ్లు ఉంటాయి. ఇతరులు పంచుకున్న ఫోల్డర్లలో లోపలిదానికి అనుమతి ఇచ్చి, పైదానికి ఇవ్వకపోవచ్చు. ఇలాంటి అనాథ నోడ్లని నిశ్శబ్దంగా వదిలేస్తే వాడుకరికి ఆ మెయిల్ పోయినట్టే. తల్లి స్థానంలో నొక్కడానికి వీల్లేని బూడిద రంగు నోడ్ ఒకటి పెట్టి, దాని కింద చూపించాలి.

చెట్టుని తెర మీద చూపేటప్పుడు తల్లి ముందు, పిల్లలు తర్వాత వచ్చే ప్రీఆర్డర్ నడక కావాలి. సబ్‌ట్రీని కాపీ చేసేటప్పుడూ అంతే, తల్లి పుట్టకుండా పిల్లని ఎక్కడ పెడతాం? తొలగించడానికీ లెక్కలు కూడటానికీ పిల్లలు ముందు, తల్లి తర్వాత వచ్చే పోస్ట్‌ఆర్డర్ నడక వాడాలి. రెంటినీ రికర్షన్‌తో (ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా) రాయడం అందంగా ఉంటుంది, కానీ ఫోల్డర్ల లోతు బయటివాళ్ల చేతిలో ఉంటుంది. పైథాన్ డిఫాల్ట్‌గా 1,000 పిలుపుల దగ్గర ఆపేస్తుంది. సొంత స్టాక్ పెట్టుకుని లూప్‌తో రాసుకోవడం క్షేమం. ఏ ఫోల్డర్లు విప్పి ఉన్నాయో గుర్తుపెట్టుకోవడం కూడా ఐడీలతోనే చేయాలి. దారులతో గుర్తుపెట్టుకుంటే పేరు మార్చగానే సబ్‌ట్రీ అంతా ముడుచుకుపోతుంది.

కదిలించడంలో ఉన్న ప్రమాదం

'బిల్లులు'ని 'పనిముట్లు' కిందికి మార్చడమంటే 7వ రోలో పేరెంట్ ఐడీని 3 నుంచి 9కి మార్చడం. అంతే. కానీ 'పని'ని 'బిల్లులు' లోపలికి లాగితే? 3కి తల్లి 7, 7కి తల్లి 3 అవుతాయి. రెండూ రూట్ నుంచి తెగిపోయి, ఒకదాన్నొకటి పట్టుకుని విడిగా తేలుతుంటాయి. రూట్ నుంచి దిగే ఏ నడకకీ అవి తగలవు. ఫోల్డర్ మాయమైందనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఇదే, డేటా మొత్తం టేబుల్‌లో భద్రంగానే ఉంటుంది.

దీనికి తనిఖీ చిన్నదే. గమ్యం నుంచి మొదలుపెట్టి రూట్ దాకా పైకి ఎక్కాలి. దారిలో కదిలిస్తున్న నోడ్ ఎదురైతే ఒప్పుకోకూడదు. గమ్యం అదే నోడ్ అయినా కుదరదు. కదిలించే నోడ్ నుంచి కిందికి దిగి వెతకడం కూడా సరైన జవాబే ఇస్తుంది, కానీ పైకి ఎక్కితే అడుగులు లోతుకి సమానం, కిందికి దిగితే సబ్‌ట్రీ అంతా తిరగాలి.

ఈ తనిఖీ ఉన్నా వలయం పుట్టగలదు. ఫోన్ నుంచి 'పని'ని 'పనిముట్లు' లోకి, అదే క్షణంలో ల్యాప్‌టాప్ నుంచి 'పనిముట్లు'ని 'పని' లోకి మార్చారనుకోండి. రెండు ట్రాన్సాక్షన్లూ పాత చెట్టునే చూసి, రెండూ సబబేనని తేల్చుకుంటాయి. ఒకటి 3వ రోని రాస్తుంది, ఇంకోటి 9వ రోని రాస్తుంది. వేర్వేరు రోలు కాబట్టి రో లాక్‌లు అడ్డుపడవు. రెండూ నిలిచిపోయాక 3కి తల్లి 9, 9కి తల్లి 3. మందు ఏమిటంటే, చెట్టు ఆకారాన్ని మార్చే ప్రతి పనీ ముందుగా ఆ వాడుకరి రూట్ రోని లాక్ చేయాలి, తనిఖీ ఆ తర్వాత జరగాలి. ఒకే వాడుకరి ఫోల్డర్లు అంత తరచుగా కదలవు కాబట్టి ఈ లాక్ ఎవరినీ ఆపదు. రూట్ నిజమైన రో కావడం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితమిచ్చే సీరియలైజబుల్ స్థాయి ట్రాన్సాక్షన్ వాడి, విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం మరో దారి.

తొలగించడం గురించి ఒక్కమాటలో చెప్పాలంటే, ట్రాష్‌లోకి పంపడం కూడా పేరెంట్ ఐడీ మార్చడమే. పాత పేరెంట్ ఐడీని ఒక కాలమ్‌లో దాచితే తిరిగి తేవడం సులువు. ట్రాష్‌లో అదే పేరుతో ఇంకోటి ముందే ఉంటే పేరు చివర అంకె చేర్చాలి, లేదంటే యూనిక్ ఇండెక్స్ తొలగింపునే అడ్డుకుంటుంది. శాశ్వతంగా తీసేసేటప్పుడు, తల్లి రోతో పాటు పిల్ల రోలనీ తీసేసే డేటాబేస్ క్యాస్కేడ్ మీద భారం వేయొద్దు. అది రోలని తీసేస్తుంది గానీ డిస్క్ మీద విడిగా ఉన్న అటాచ్‌మెంట్లనీ, వెతుకులాట ఇండెక్స్‌నీ ముట్టుకోదు. అవి ఎవరికీ చెందని చెత్తగా మిగిలిపోతాయి.

చదవనివి ఎన్ని?

ప్రతి ఫోల్డర్‌కీ రెండు లెక్కలుంటాయి: తనలో చదవనివి, తన సబ్‌ట్రీ మొత్తంలో చదవనివి. 2024లో 5, 2025లో 3, 'బిల్లులు'లో సొంతంగా 2 ఉంటే 'బిల్లులు' సబ్‌ట్రీ లెక్క 10. 'పని'లో సొంతవి 4 కలిపితే 14. 2024లోకి కొత్త మెయిల్ వస్తే 12, 7, 3, 1 అన్నిటికీ 1 కలపాలి. 'బిల్లులు'ని 'పనిముట్లు'కి మారిస్తే 'పని'లోంచి 10 తీసి, 'పనిముట్లు'కి 10 కలపాలి. రూట్ రెండు దారులకీ ఉమ్మడి కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు.

సబ్‌ట్రీ లెక్కని డేటాబేస్‌లో దాచకపోవడమే మంచిది. దాచితే వాడుకరికి వచ్చే ప్రతి మెయిలూ అదే రూట్ రోని రాయడానికి క్యూ కడుతుంది. సొంత లెక్క మాత్రం దాచి, సబ్‌ట్రీ లెక్కని మెమరీలో పోస్ట్‌ఆర్డర్ నడకతో కూడుకుంటే ఆ పోటీ ఉండదు. ట్రాష్, స్పామ్ ఫోల్డర్లలోవి పై మొత్తంలో కలవకుండా చూడాలి.

ఇక ఆ −1 సంగతి. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అదే మెయిల్ ఒకేసారి తెరిస్తే 'చదివారు' అనే కబురు రెండుసార్లు వస్తుంది. కబురు వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గిస్తే లెక్క సున్నా కిందికి జారుతుంది. మెయిల్ రో నిజంగా చదవని స్థితి నుంచి చదివిన స్థితికి మారితేనే, అంటే అప్‌డేట్ ఒక రోని తాకిందని డేటాబేస్ చెబితేనే, తగ్గించాలి.

జీమెయిల్ తరహా లేబుళ్లలో ఈ కూడిక అసలు కుదరదు. అక్కడ ఒకే మెయిల్‌కి ఎన్ని లేబుళ్లైనా ఉంటాయి. లేబుళ్లు చెట్టులాగే కనిపిస్తాయి, పేరులో / పెట్టి గూడు కడతాయి. మెయిళ్లు మాత్రం చెట్టులో ఉండవు. ఒక మెయిల్‌కి 2024, 2025 రెండు లేబుళ్లూ ఉంటే 5కి 3 కలిపిన లెక్కలో అది రెండుసార్లు పడుతుంది. సబ్‌ట్రీలోని వేర్వేరు మెయిళ్లని ఐడీ ప్రకారం లెక్కపెట్టడం తప్ప దారి లేదు.

ఐమ్యాప్ దగ్గరికి వచ్చేసరికి

ఇంతవరకు చెప్పినది మన డేటాబేస్ మన చేతిలో ఉన్నప్పటి మాట. బయటి సర్వర్‌తో ఐమ్యాప్‌లో (మెయిల్ సర్వర్‌తో మాట్లాడే ప్రోటోకాల్‌లో) మాట్లాడేటప్పుడు ఫోల్డర్‌కి ఐడీ ఉండదు, పేరే సర్వస్వం, ఆ పేరే దారి. 2003 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3501లో ఇలా ఉంది, 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9051లోనూ పునాది మారలేదు. స్థాయిల్ని విడదీసే గుర్తు ఏదో సర్వరే చెబుతుంది. కొన్నిచోట్ల /, కొన్నిచోట్ల చుక్క. ఆ గుర్తు స్థానంలో నిల్ వస్తే అక్కడ స్థాయిలే లేవని అర్థం. గుర్తుని కోడ్‌లో రాసిపెట్టేసిన క్లయింట్ ఏదో ఒక సర్వర్ దగ్గర బోల్తా పడక తప్పదు.

లిస్ట్ కమాండ్‌లో రెండు వైల్డ్‌కార్డులుంటాయి. * పెడితే అన్ని స్థాయిలూ వస్తాయి, % పెడితే విభజన గుర్తు దగ్గర ఆగి ఒక్క స్థాయే వస్తుంది. వేల ఫోల్డర్లున్న ఖాతాలో % తో ఒక్కో స్థాయినీ విప్పినప్పుడే తెచ్చుకోవచ్చు. పిల్లలున్నారా లేదా అనేది సర్వర్ పంపే హ్యాజ్‌చిల్డ్రన్, హ్యాజ్‌నోచిల్డ్రన్ గుర్తులు చెబుతాయి, కాబట్టి లోపలికి వెళ్లకుండానే పక్కన బాణం గీయవచ్చు. చదవని లెక్కల కోసం 300 ఫోల్డర్లకి 300 స్టేటస్ కమాండ్లు పంపకండి. 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5819ని సర్వర్ అమలు చేస్తే జాబితాతో పాటే లెక్కలూ వచ్చేస్తాయి.

తొలగింపు ఇక్కడ మనం అనుకున్నట్టు ఉండదు. పిల్లలున్న ఫోల్డర్‌ని ఐమ్యాప్‌లో డిలీట్ చేస్తే పిల్లలు పోరు. సర్వర్ ఒప్పుకుంటే తల్లిలోని మెయిళ్లు మాత్రం పోతాయి, ఆ పేరు నోసెలెక్ట్ అనే గుర్తుతో ఉత్త గూడుగా మిగులుతుంది. అంటే 'ఈ ఫోల్డర్‌నీ లోపలున్నవాటినీ తొలగించు' అని మన బటన్ చెబితే, కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా డిలీట్ పంపాల్సింది మనమే. రీనేమ్ మాత్రం పిల్లల పేర్లనీ మారుస్తుంది. ఒక్క ఇన్‌బాక్స్ దీనికి మినహాయింపు. దానికి రీనేమ్ పంపితే అందులోని మెయిళ్లన్నీ కొత్త ఫోల్డర్‌లోకి వెళ్లిపోతాయి, ఇన్‌బాక్స్ ఖాళీగా అక్కడే ఉంటుంది, దాని ఉపఫోల్డర్లు చెక్కుచెదరవు.

వేరే పరికరంలో ఎవరో పేరు మార్చారనుకోండి. మన క్లయింట్‌కి కనిపించేది ఒక పేరు పోవడం, ఇంకో పేరు రావడం. అందుకే పాతదాన్ని తుడిచేసి, కొత్తదాన్ని మొదటి నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటుంది. ఫోల్డర్‌కి సర్వర్ ఇచ్చే యూఐడీవ్యాలిడిటీ అంకె కలిసిందా అని చూడటం ఒక ఆధారమే తప్ప రుజువు కాదు. 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8474 మెయిల్‌బాక్స్‌ఐడీని తెచ్చింది, పేరు మారినా అది మారదు. సర్వర్ ఇస్తుంటే తప్పక వాడాలి. 2019లో వచ్చిన జేమ్యాప్ మెయిల్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 8621, మొదటి నుంచే ఐడీ, పేరెంట్ ఐడీ, పేరు విడివిడిగా ఇస్తుంది. వలయాలు ఉండకూడదని, అన్నదమ్ములకి ఒకే పేరు ఉండకూడదని అందులోనే నియమాలున్నాయి. ఉపఫోల్డర్లున్న ఫోల్డర్‌ని తొలగించబోతే ఎర్రర్ ఇస్తుంది.

తెలుగు పేర్లు పెట్టినప్పుడు

ఆర్‌ఎఫ్‌సీ 3501 ప్రకారం ఫోల్డర్ పేర్లు తీగ మీద వెళ్లేది మార్పు చేసిన యూటీఎఫ్-7లో. ఆస్కీ కాని అక్షరాలని యూటీఎఫ్-16లోకి మార్చి, బేస్64గా (బైట్లని మామూలు గుర్తులుగా మార్చే పద్ధతిలో) రాసి, ముందు &, చివర - పెడతారు. 'పని' అంటే కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తులు) మూడు: ప, న, గుడి. 6 బైట్లు, బేస్64లో 8 గుర్తులు, హద్దులతో కలిపి 10. మామూలు బేస్64లో రాస్తే 'పని' చివరి గుర్తు సరిగ్గా / అవుతుంది. అది చూసి సర్వర్ ఇంకో స్థాయి మొదలైందనుకునేది. ఈ ప్రమాదం తప్పించడానికే మార్పు చేసిన రూపంలో / బదులు కామా వాడతారు. లైబ్రరీలో ఉన్న సాధారణ బేస్64 ఫంక్షన్‌ని అలాగే పిలిస్తే ఇంగ్లిష్ పేర్లన్నీ పరీక్షలో నెగ్గుతాయి, 'పని' దగ్గర విరుగుతుంది.

మెయిల్‌డిర్++ పద్ధతిలో నిల్వ చేసే సర్వర్లలో చెట్టంతా డిస్క్ మీద ఒకే స్థాయిలో ఉంటుంది. పని, బిల్లులు, 2024 మూడూ చుక్కలతో కలిసి ఒకే డైరెక్టరీ పేరవుతాయి. ఎక్స్ట్4 లాంటి ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకి హద్దు 255 బైట్లు. పేర్లు మార్పు చేసిన యూటీఎఫ్-7లో ఉంటే ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి సగటున 2.67 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం దారికి 95 దాటవు. మనం ఒక అక్షరంగా చదివే 'స్త్రీ'లోనే 6 కోడ్‌పాయింట్లున్నాయి. నాలుగైదు స్థాయిల నిండు తెలుగు పేర్లతో ఈ హద్దు తగలడం కష్టమేమీ కాదు. పేరులో చుక్క ఉన్నా ఇక్కడ తంటాయే, 'డా. ఉత్తరాలు' అనే ఫోల్డర్ 'డా' కింద ఇంకో ఫోల్డర్‌గా చీలిపోతుంది. ఫోల్డర్ చేసేటప్పుడే పేరులో సర్వర్ విభజన గుర్తు ఉందేమో చూసి, వాడుకరికి అప్పుడే చెప్పాలి.

చివరిగా, కంటికి ఒకటిగా కనిపించి కంప్యూటర్‌కి రెండైన పేర్లు. 'ఐత్వం' గుణింతపు గుర్తుని యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింట్‌గా రాయవచ్చు, ఎత్వానికి పొడవు గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. 'పైకం' అనే ఫోల్డర్ ఒక పరికరం నుంచి ఒక రూపంలో, మరో పరికరం నుంచి ఇంకో రూపంలో వస్తే యూనిక్ ఇండెక్స్ రెంటినీ ఒప్పుకుంటుంది. తెర మీద రెండు 'పైకం'లు పక్కపక్కనే నిలుస్తాయి. పేరుని దాచే ముందు ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చితే ఇది సర్దుకుంటుంది. పొల్లు తర్వాత కీబోర్డులు చేర్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో పోదు. 'మెయిల్' చివర అది ఉన్నా లేకపోయినా చూపులో తేడా ఉండదు. పదం మధ్యలో దాన్ని తీసేయకూడదు, 'ఇన్‌బాక్స్' రూపమే మారిపోతుంది. పేరు చివర ఉంటే మాత్రం ఖాళీలతో పాటు కత్తిరించేయాలి. చాలా భాషల్లో ట్రిమ్ ఫంక్షన్ దాన్ని ఖాళీగా లెక్కించదు కాబట్టి ఆ గుర్తుని మనమే పేరుపెట్టి తీయాలి. ఇదంతా మన డేటాబేస్‌లో పోలిక కోసం ఉంచుకునే కాలమ్‌కే చేయాలి. సర్వర్ ఇచ్చిన పేరుని వేరే కాలమ్‌లో బైట్ బైట్‌కీ ఉన్నదున్నట్టు ఉంచండి. శుభ్రం చేసిన పేరుతో, ఫోల్డర్‌ని తెరిచే సెలెక్ట్ కమాండ్ పంపితే అలాంటి ఫోల్డర్ లేదనే జవాబు వస్తుంది.